పేజీన్నర పంపిస్తే నాలుగు లైన్లే వస్తున్నయ్, వార్త ఎట్ల రాయాలె?

నకిరేకల్ కంట్రిబ్యూటర్:
అన్నలూ, నేను ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్‌గ చేరి ఐదు నెలలైంది. మొన్న మా ఊరి వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల వడ్లు తడిసినయని పేజీన్నర రాసి పంపిన, పొద్దున చూస్తే సింగిల్ కాలమ్ నాలుగు లైన్లు, రైతు మాట్లాడింది మొత్తం ఎగిరిపోయింది. "దేశానికి వెన్నెముక రైతన్న, ఆరుగాలం శ్రమించి పండించిన పంట..." అని మొదలుపెట్టిన. డెస్కుల అడుగుతే "వార్త ఏడుందయ్యా ఇండ్ల" అన్నరు. ఏం తప్పు చేసిన?

పాత సబ్ ఎడిటర్:
తమ్మీ, ఆ వెన్నెముకను ఇంకెన్నేండ్లు పట్టుకుంటరు :) రాత్రి పదింటికి ఒక యాడ్ వచ్చి పడ్డదనుకో, మేం కింద నుంచే కోస్తం, మొత్తం చదివి కోసే టైం ఏడుంటది. నువ్వేమో రైతు మాట ఆఖరుకు పెట్టినవ్. అసలు ముచ్చట ఇంట్రోల, అంటే మొదటి రెండు లైన్లల్లనే రావాలె. ఎన్ని బస్తాలు, ఎన్ని దినాల సంది, ఎందుకు ఆగినయ్. తేమ 17 శాతం దాటిందని కాంటా (తూకం) పెట్టలేదా, కాంటా అయినంక లారీ రాలేదా? అవి రెండు వేర్వేరు వార్తలు.

పాలమూరోడు:
"అధికారులు పట్టించుకోవాలని రైతులు కోరుతున్నారు" అని పెట్టకు బ్రదర్, ఏ అధికారి? సెంటర్ నడిపేది మహిళా సంఘం, ధాన్యం లెక్క చూసేది సివిల్ సప్లైస్, లారీ కాంట్రాక్టర్ ఇంకొకడు. ఫోన్ చేసి వాళ్ల మాట గూడ రెండు లైన్లు తీసుకో. నాదొకటి చెప్త, 40 కిలోల బస్తాకు కిలో తరుగు తీస్తున్నరని రైతు చెప్తే నేను క్వింటాకు కిలో అని కొట్టిన, రెండున్నర కిలోలు కావాల్సింది కిలోనే అయింది, తెల్లారి చాయ్ హోటల్ కాడ "ఏం సార్, మిల్లు దిక్కు చేరినవా" అని ఊరంత ఆడుకున్నరు.

నకిరేకల్ కంట్రిబ్యూటర్:
ఇట్లైతే? "కాంటా అయిన 340 బస్తాల ధాన్యం లారీ రాక 12 రోజులుగా సెంటర్‌లోనే ఉండి, ఆదివారం రాత్రి వానకు తడిసింది."

పాత సబ్ ఎడిటర్:
ఇది వార్త. 12 రోజులని ఎవరన్నరు? కాంటా చీటీ చూసినవా?

నకిరేకల్ కంట్రిబ్యూటర్:
ఇప్పుడే బండేసుకొని పోయొచ్చిన అన్నా. చీటీ మీది తారీఖు లెక్కేస్తే 9 రోజులే, 12 అన్నది వడ్లు తెచ్చి పోసిన కాడి నుంచంట. రెండూ రాసి పంపుతున్న.