టీఎస్‌ఓలో ప్రస్తుత సెట్టింగులు చూడటం ఎలా?

ప్రశ్న: జెడ్‌ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్)లో కమాండ్లిచ్చే టీఎస్‌ఓలో కోట్స్ లేకుండా డేటాసెట్ (ఫైల్) పేరిస్తే కేటలాగ్‌లో, అంటే డేటాసెట్ల సూచికలో, లేదంటోంది. పూర్తి పేరు కోట్స్‌లో పెడితే తెరుచుకుంటోంది. ప్రస్తుతం ఏ సెట్టింగులున్నాయో చూడటమెలాగండి?

జవాబు 1: రెడీ ప్రాంప్ట్ దగ్గర ప్రొఫైల్ లిస్ట్ అని కొట్టండి. ఐఎస్‌పీఎఫ్‌లో (టీఎస్‌ఓ మీద నడిచే మెనూ స్క్రీన్లలో) ఉంటే ఆప్షన్ 6లో ఇవ్వండి. వేరే ప్యానెల్‌లో అయితే ముందు టీఎస్‌ఓ అని చేర్చాలి. ప్రాంప్ట్, ఇంటర్‌కామ్, ఎంఎస్‌జీఐడీ, ప్రిఫిక్స్ అన్నీ కనిపిస్తాయి. ముందు ‘నో’ ఉంటే అది ఆఫ్‌లో ఉన్నట్టు.

మీరు చూడాల్సింది ప్రిఫిక్స్, అంటే కోట్స్ లేని పేరుకు ముందు సిస్టమ్ చేర్చే పదం. నోప్రిఫిక్స్ ఉంటే కోట్స్ లేని పేరుకు ముందు ఏమీ చేరదు, మీరిచ్చినంత వరకే వెతుకుతుంది. ప్రొఫైల్ ప్రిఫిక్స్ ఇచ్చి, బ్రాకెట్లలో మీ యూజర్ ఐడీ పెట్టండి. తర్వాతి లాగాన్‌కీ అది నిలుస్తుంది.

జవాబు 2: ఎంఎస్‌జీఐడీ (మెసేజ్‌తో పాటు దాని నంబర్ చూపే సెట్టింగు) కూడా ఆన్ చేసుకోండి. మెసేజ్ నంబర్ లేకుండా మాన్యువల్‌లో వెతకడం వృథా శ్రమ. ఒక జాగ్రత్త: ఐకేజేఈఎఫ్‌టీ01తో (టీఎస్‌ఓ కమాండ్లను జాబ్‌లో నడిపే ప్రోగ్రామ్‌తో) బ్యాచ్‌లో మార్చిన ప్రొఫైల్ ఆ జాబ్ వరకే, సేవ్ కాదు. అక్కడ లిస్ట్ అవుట్‌పుట్ ఎస్‌వైఎస్‌టీఎస్‌పీఆర్‌టీ అనే జాబ్ అవుట్‌పుట్ ఫైల్‌లో వస్తుంది.

జవాబు 3: పీఎఫ్ కీలు (ఫంక్షన్ కీల సెట్టింగులు) ప్రొఫైల్ లిస్ట్‌లో కనిపించవు. వాటికి ఐఎస్‌పీఎఫ్‌లో కీస్ కమాండ్, స్క్రీన్ సెట్టింగులకు ఆప్షన్ 0.