మహిళా సర్పంచులు, మంచినీళ్లు: సిద్ధాంతాన్ని లెక్కలతో ఎలా పరీక్షించాలి?

ఎం.ఏ. ఆర్థికశాస్త్రం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం రాజకీయ అర్థశాస్త్రం వైపు వచ్చాను. తెలిసినవారు దారి చూపగలరు.

1957లో ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ చెప్పిన నమూనా ప్రకారం గెలవాలనుకునే అభ్యర్థులంతా మధ్యస్థ ఓటరు (అభిప్రాయాల వరుసలో సరిగ్గా మధ్యలో ఉండే ఓటరు) కోరికకే దగ్గరవుతారు. కుర్చీలో ఎవరున్నా ఒకటే. సొంత ఇష్టాయిష్టాలున్న పౌరులే అభ్యర్థులుగా నిలబడతారనే 1990ల నాటి పౌర-అభ్యర్థి నమూనా దీన్ని ఒప్పుకోదు. ఎన్నికల హామీకి కట్టుబడాలన్న నిర్బంధం లేదు కనుక, గెలిచినవారు తమకు నచ్చిందే చేస్తారంటుంది. నాకు ఇదే నిజమనిపిస్తుంది, మన ఊళ్లు చూసినవారికి వేరే రుజువెందుకు!

రుజువూ ఉంది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలపై ఆర్థికవేత్తలు ఛటోపాధ్యాయ్, డఫ్లో 2004లో ప్రచురించిన పరిశోధనలో, పంచాయతీ అధ్యక్ష పదవిని మహిళలకు కేటాయించిన చోట్ల తాగునీటి పనులు ఎక్కువ జరిగాయి. బెంగాల్‌లో వరుస సంఖ్యల జాబితాలో ప్రతి మూడో పంచాయతీని మహిళలకు కేటాయించారు. అంటే ఏ ఊరు మహిళకు దక్కాలో ఊరి పరిస్థితి నిర్ణయించలేదు. అందుకే పోలిక నిలబడింది.

నా చిక్కు ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో మహిళలకు 50 శాతం స్థానాలున్నాయి. కేటాయింపులో సామాజిక వర్గాల లెక్క కూడా కలుస్తుంది. అప్పుడు మహిళ ప్రభావాన్ని కులం ప్రభావం నుంచి ఎలా విడదీయాలి? ఒకే వర్గానికి కేటాయించిన పంచాయతీలను మాత్రమే పోల్చితే సరిపోతుందా? పెత్తనం భర్తదే అయిన చోట్లను తీసేస్తే ఫలితం వక్రించదా? బోర్ల మరమ్మతు ఖర్చు పంచాయతీవారీగా ఎక్కడ దొరుకుతుంది? ఈ పని చేసినవారెవరైనా ఉంటే చెప్పండి.