“వివాహము ఘనమైనదిగాను”: ఈ ‘ఘనం’ ఏ ఘనం?

(నల్లగొండ నుంచి ప్రశ్న)
మా చెల్లె పెండ్లి కార్డు మీద హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13:4 వేయిద్దామనుకున్నాం. “వివాహము అన్ని విషయములలో ఘనమైనదిగాను, పానుపు నిష్కల్మషమైనదిగాను ఉండవలెను, వేశ్యాసంగులకును వ్యభిచారులకును దేవుడు తీర్పు తీర్చును.” క్లాక్ టవర్ దగ్గర ప్రెస్సులో డిజైన్ చేసే తమ్ముడు మొదటి ముక్క మాత్రమే కొట్టాడు. రెండోది ఎవరూ వేయించుకోరట. అది చదివి మా బాబాయి “చూసినవా, పెండ్లి ఘనంగ చెయ్యాల్నని బైబిలే చెప్తున్నది” అన్నాడు. ఇప్పుడు ఫంక్షన్ హాలు, మటన్, డీజే అన్నీ ఆ మాట మీదనే నడుస్తున్నాయి. నిజంగా దాని అర్థం అదేనా?

(దేవరకొండ, రిటైరైన తెలుగు పండితులు)
బాబాయిగారిని ఏమనలేం. ‘ఘనంగా వేడుకలు’, ‘ఘనంగా సన్మానం’ అని రోజూ పేపర్లో చదువుతుంటే చెవి అటే పోతుంది. ఇక్కడ మాత్రం ‘ఘనత’లోని ఘనం. మూలభాష గ్రీకులో ‘తిమియోస్’, అంటే విలువైనది, గౌరవించదగినది. పేతురు మొదటి పత్రికలో క్రీస్తు రక్తాన్ని “అమూల్యమైన రక్తము” అన్నచోట ఉన్నదీ ఆ మాటే. కాబట్టి ఇది పెండ్లినాటి ఖర్చు గురించి కాదు, పెండ్లి అనే బంధం గురించి.

ఇంకొకటి. ‘అన్ని విషయములలో’ అన్నచోట మూలంలో ఉన్న మాటకు ‘అందరిలో’ అని కూడా అర్థం చెప్పవచ్చు. గ్రీకు వాక్యంలో క్రియ కూడా లేదు. ‘ఘనమైనది’ అని ఊరుకోవచ్చు, ‘ఘనమైనదిగా ఉండవలెను’ అనీ అనవచ్చు. అటూ ఇటూ ఉన్నవన్నీ ఆజ్ఞలే: అతిథులను ఆదరించండి, ఖైదులో ఉన్నవారిని తలచుకోండి అని. అందుకే మనవాళ్లు ‘ఉండవలెను’ వైపు మొగ్గారు. నాకైతే అదే సబబనిపిస్తుంది.

(నాగర్‌కర్నూల్)
పానుపు గురించి ఎవరూ మాట్లాడరేం? మా ఇండ్లల్ల మంచం, పరుపు అంటాం. పానుపు అంటే శోభనం నాటి పూలపానుపే, లేకుంటే విష్ణుమూర్తి శేషపానుపు. దాంపత్యాన్ని మర్యాదగా చెప్పడానికి అంతకంటే మంచి మాట దొరకదు. కొందరు ప్రసంగాల్లో భార్యాభర్తల సంగమమే ఏదో అపవిత్రమైనట్టు మాట్లాడతారు. ఈ వచనం అట్లా అనడం లేదు. పైగా తిమోతి మొదటి పత్రిక 4వ అధ్యాయంలో “వివాహము నిషేధించుచు” బోధించేవాళ్లను పౌలు తప్పుపట్టాడు.

(మిర్యాలగూడ, డిగ్రీ విద్యార్థి)
సార్, పేపర్లో ‘వ్యభిచార గృహంపై దాడి’ అని రాస్తారు కదా. మా యూత్ మీటింగులో సగం మంది వ్యభిచారం అంటే డబ్బుకు చేసేదే అనుకుంటున్నారు. అంటే ఈ హెచ్చరిక మాకు కాదని లెక్క.

(దేవరకొండ)
పేపర్ల వాడుక ఆ మాటను ఇరుకు చేసింది, నాయనా. సంస్కృతంలో వ్యభిచారం అంటే ఉండాల్సిన దారి తప్పడం. తర్కశాస్త్రంలో హేతువు గురి తప్పితే దాన్నీ వ్యభిచారం అంటారు. గీత 13వ అధ్యాయంలో “భక్తిరవ్యభిచారిణీ” అని ఉంది. అంటే పక్కకు పోని భక్తి. ఇక బైబిల్ విషయానికొస్తే, యాకోబు పత్రిక 4:4లో “వ్యభిచారిణులారా” అని పిలుపు. పిలిచింది సంఘం మొత్తాన్ని! మగవాళ్లూ అందులో ఉన్నారు. దేవుణ్ణి భర్తగా, ప్రజలను భార్యగా చూసిన హోషేయ ప్రవక్త నుంచి వస్తున్న మాట తీరు అది. దాంపత్యంలో నమ్మకం, దేవుని మీద నమ్మకం రెంటికీ ఆ గ్రంథంలో ఒకటే భాష.

(వనపర్తి)
గీతను ఇందులోకి తేవడం ఎందుకండీ? మత్తయి 5:28 చాలదా? మోహపు చూపుతో చూస్తేనే హృదయంలో వ్యభిచారం జరిగినట్టు అని యేసే చెప్పాడు.

(దేవరకొండ)
చాలు. నేను చెప్పింది పదం సంగతి. అనువాదం చేసినవాళ్లు ఊళ్లో ఉన్న మాటలతోనే కదా చేయాలి.

(మహబూబ్‌నగర్)
నన్ను ఆపింది ‘వేశ్యాసంగులు’. వేశ్యతో సంగం పెట్టుకున్నవాడు, అంటే ఆమె దగ్గరికి పోయినవాడు. గ్రీకు మాట ఇంకా విశాలమైనది, జారత్వం చేసే వాళ్లందరికీ వర్తిస్తుంది. కానీ తెలుగులో వేలు తిన్నగా మగవాడి వైపు చూపిస్తుంది. మన సంఘాల్లో జరిగేదేమో తలకిందులు. ఆడపిల్ల విషయమైతే అందరి ముందూ నిలబెడతారు, మగపిల్లవాడి విషయమైతే “ప్రార్థన చేద్దాం” అని సర్దేస్తారు. తెలుగు బైబిలే చదివి అట్లా ఎట్లా చేస్తారో నాకు అర్థం కాదు.

అయితే తప్పు చేసినవాళ్లకు తలుపు మూసేశారా అంటే, అదీ లేదు. కొరింథీయులకు మొదటి పత్రిక 6వ అధ్యాయంలో జారులు, వ్యభిచారులు అంటూ పెద్ద జాబితా చదివి, వెంటనే “మీలో కొందరు అట్టివారై యుంటిరి” అంటాడు పౌలు. ‘యుంటిరి’, భూతకాలం. విశ్వాసం నిజమా, పేరుకేనా అన్నది ఆ కాలం మారడంలో కనబడుతుంది. సంఘంలో నిలబడి సాక్ష్యం ఎంత బాగా చెప్పాడన్నది కాదు.

(నాగర్‌కర్నూల్)
నల్లగొండ తమ్ముడూ, పక్క వచనం కూడా బాబాయికి చదివి వినిపించు. “ధనాపేక్షలేనివారై మీకు కలిగినవాటితో తృప్తిపొందియుండుడి.” పెండ్లి మాట ముగియగానే పైసల మాట. కట్నం, డీజే, అప్పు అన్నీ దానికిందికే వస్తాయి.

(నల్లగొండ)
వినిపించాను అక్కా. “అది వేరే వచనం” అన్నాడు! కార్డు మీద 4వ వచనం పూర్తిగా వేస్తే పెండ్లికి వచ్చినోళ్లు గాబరా పడతారని అమ్మ అంటున్నది. చెల్లె మాత్రం పూర్తిగానే ఉండాలంటున్నది, పెండ్లి తనది కాబట్టి అదే ఖాయం. పండితులుగారూ, ‘వేశ్యాసంగులకును’ ఒక్క లైన్లో పట్టడం లేదట. ‘వేశ్యా’ దగ్గర విరిచి మిగిలింది కింది లైనులో వేస్తే తప్పా?

(దేవరకొండ)
సమాసం అక్కడ విరిస్తే పై లైన్లో వేశ్య ఒక్కతే మిగులుతుంది. అక్షరం సైజు తగ్గించమను.