‘ఏకునాదం మోత’లో ఆ కొమ్ము ఎక్కడిది?

నకారపొల్లు:
గోరటి వెంకన్న మొదటి పాటల పుస్తకం పేరు ఇన్నేళ్లూ ‘ఏకనాదం మోత’ అనే అనుకుంటున్నాను. నిన్న ఒక వ్యాసంలో ‘ఏకునాదం’ అని చూసి అచ్చుతప్పనుకున్నా. వెతికితే అన్నిచోట్లా ‘కు’నే. ఆ కొమ్ము కవి కావాలని పెట్టిందా, జనం నాలుక పెట్టిందా? రాత్రి నుంచి ఇదే గోల.

బండిఱ:
కావాలనే పెట్టాడు. ఏకు అంటే పత్తి ఏకు, మేకై కూర్చున్న ఏకు. దూదేకే విల్లు నారి మీద దెబ్బ పడితే వచ్చే చప్పుడు చిన్నప్పుడు వీధిలో విన్నాను. దాన్ని ‘మోత’ అనకుండా ఇంకేమంటాం? ‘పల్లె కన్నీరు’ పాట నిండా కూలిపోయిన చేతివృత్తులే కదా. దూదేకులవాళ్లని పుస్తకం పేరులోనే నిలబెట్టాడని నా నమ్మకం.

అరసున్న:
అన్నా, ఊహ మంచిగుంది గని నిలవది. ఒంటితీగె వాయిద్యం అది, తత్వాలు పాడేటోళ్ల చేతిల ఉంటది. మా తాత దాన్ని ఏకునాదమనే అనేటోడు. వెంకన్నది మా పాలమూరే, గౌరారం. ఆయన చెవిల పడ్డ మాటనే రాసిండు. సంక్రాంతి సంకురాత్రి కాలేదా, ఇదీ గంతే.

వలపలగిలక:
సంకురాత్రి ఇక్కడ సాక్ష్యానికి రాదండీ. అక్కడ ‘క్ర’ జంటని విడగొట్టడానికి ఉకారం కొత్తగా దూరింది. ఇక్కడ ఉన్న అకారమే ఉకారం కావాలి. రెండూ ఒకటి కావు. మీ తాతగారి ఉచ్చారణ మాత్రం నాకు పెద్ద ఆధారం, దాన్ని కాదనను.

బండిఱ:
పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అని వరసపెట్టాడు. తెలుగు మాట ముందు, సంస్కృతం వెనక. ఏకునాదం కూడా ఆ కుదురులోదే.

వలపలగిలక:
ఆ వరసలోనే ప్రభాత పదాలు, శంకర పదాలు కూడా ఉన్నాయి, వాటినెందుకు వదిలేశారు? సోమన ఏ కుదురుకీ కట్టుబడలేదు. జనం పాడేదాన్ని జనం పిలిచే పేరుతోనే ఎత్తుకున్నాడు. 13వ శతాబ్దంలో మన పాటకి అంత మర్యాద ఇచ్చిన కవి ఇంకెవరు? అసలు ఆ జాబితాలోని ‘వాలేశు పదాల’ మీద ఒక రోజంతా కూర్చోవాలి మనం.

అరసున్న:
కూర్చుందాం సార్. వెంకన్నకు 2021 సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన పుస్తకం ‘వల్లంకి తాళం’ల గూడ తాళమే. పేర్లల్ల ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతది ఆయనకు. అందుకే నేను వాయిద్యం అంటున్న, పత్తి కాదు.

నకారపొల్లు:
మరి ‘నాదం’ చాలదా? పక్కన మళ్లీ ‘మోత’ ఎందుకు? నాదం చెవికింపుగా ఉంటుంది, మోత చెవులు అదరగొడుతుంది.

బండిఱ:
అదే నేననేది! విల్లు చప్పుడైతేనే మోత.

అరసున్న:
డప్పు మోత అనమా? గజ్జెల మోత అనమా? మా దిక్కు మోతల తిట్టు లేదు.

వలపలగిలక:
మాండలికం మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. ‘పల్లె కన్నీరు’ పాటలో వెంకన్న ‘కుమ్మరి వామిలో తుమ్మలు మొలిచెను’ అన్నాడు. మా గోదావరి వైపు వామి అంటే గడ్డివామే. కుండలు కాల్చేది ఆవం, సంస్కృతంలో ఆపాకం. మరి ఆ వామి ఏది?

అరసున్న:
కుండలు కాల్చేదే సార్. మా ఊర్ల కుమ్మరి వామి అనే అంటరు. ఆవం అన్న మాట నేను పుస్తకాల్లనే సూసిన.

వలపలగిలక:
అయితే ‘ఆవం’లో ఆకారం జారి ‘వం’ మిగిలి, అది ‘వామి’ అయ్యిందంటారా? లేక పేర్చినదల్లా వామేనా, గడ్డైనా కుండలైనా? నాకు రెండోదే నచ్చుతోంది.