గ్రెనడాలో జాజికాయ ఎందుకు కోలుకోలేదు? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారం అండి. వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో పీజీ ప్రాజెక్టు కోసం గ్రెనడా తీసుకున్నాను. లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఈ కరీబియన్ దేశపు జెండా మీదే జాజికాయ ఉంటుంది, ఒకప్పుడు ఇండోనేషియా తర్వాత ఎక్కువ జాజికాయ ఎగుమతి చేసింది వీళ్లే.

2004 సెప్టెంబరులో ఐవాన్ తుపాను వచ్చి జాజి చెట్లలో చాలా వరకు పడేసింది, దాదాపు 90 శాతం ఇళ్లు దెబ్బతిన్నాయి, కోలుకునేలోపే 2005లో ఎమిలీ తుపాను. జాజి మొక్క కాపుకు రావడానికే ఆరేడేళ్లు, గింజతో వేస్తే సగం మగచెట్లే తేలతాయి, అది కూడా పూత వచ్చాకే తెలుస్తుంది. అన్నేళ్లు రైతు ఏం తిని బతకాలి? చాలామంది త్వరగా కాసే కోకోకి మారారంటే తప్పు పట్టలేను. కానీ కారణం అదొక్కటే అంటే నాకు నమ్మకం కుదరట్లేదు.

1947 నుంచి రైతుల సహకార సంఘమే జాజికాయ, జాపత్రి కొని అమ్ముతోంది. ధర తగ్గినప్పుడు ఆ ఒక్క సంఘం మీదే ఆధారపడటం రైతుకి మేలు చేసిందా, దెబ్బ తీసిందా? టూరిజం, అక్కడి సెయింట్ జార్జెస్ యూనివర్సిటీ (మెడిసిన్ చదువులకు పేరున్నది) వైపు కూలీలు వెళ్లిపోవడం కూడా కారణమా?

అక్కడ చదివిన మనవాళ్లు, కేరళలో జాజి తోటలు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ముఖ్యంగా అంటుమొక్కలకు ఎకరాకి ఎంత ఖర్చవుతుందో కావాలి.