సీరీ సీ1 1991-92: మ్యాచ్‌ల వారీగా గోల్స్ ఎక్కడ దొరుకుతాయి?

ఇటాలియన్ ఫుట్‌బాల్ స్ట్రైకర్ డారియో హుబ్నర్ కెరీర్ మొత్తం మ్యాచ్‌ల వారీగా షీట్‌లో ఎక్కిస్తున్నా, ఫానో క్లబ్ దగ్గర ఆగిపోయా. 1991-92లో ఫానో తరఫున సీరీ సీ1 (ఇటలీ మూడో డివిజన్) టాప్ స్కోరర్, 1995-96లో చెసేనాకి ఆడుతూ సీరీ బీ (రెండో డివిజన్) టాప్ స్కోరర్, 2001-02లో పియాచెంజా తరఫున 24 గోల్స్ కొట్టి యువెంటస్ స్ట్రైకర్ త్రెజెగేతో సమానంగా సీరీ ఏ (మొదటి డివిజన్) టాప్ స్కోరర్, అదీ 35 ఏళ్ళ వయసులో. ఇలా మూడు డివిజన్లలోనూ టాప్‌లో నిలిచింది ఈయన, ఇగోర్ ప్రొట్టీ మాత్రమే, అందుకే కింది డివిజన్ రోజులే నాకు ముఖ్యం.

పై డివిజన్‌తో ఇబ్బంది లేదు, 1997 ఆగస్టు 31న బ్రెషా తరఫున సాన్ సీరో స్టేడియంలో ఇంటర్ మిలన్ మీద కొట్టిన గోల్ వీడియోతో సహా దొరికింది. ఫానో సీజన్‌కి మాత్రం స్టాట్స్ సైట్లలో మొత్తం గోల్స్ తప్ప తేదీ, ప్రత్యర్థి, నిమిషం ఏవీ లేవు. రెండు వారాలుగా పాత ఇటాలియన్ పేపర్ల స్కాన్లు వెతుకుతున్నా, హుబ్నర్ పేరులో యు అక్షరం మీద రెండు చుక్కలున్నాయి కదా, స్కాన్ దాన్ని రెండు ఐ అక్షరాలుగా చదివేస్తోంది, అలా వెతికినా, చుక్కలు తీసేసి వెతికినా, ఊరి పేరుతో వెతికినా స్కోర్లే వస్తున్నాయి గానీ ఎవరు కొట్టారో రావట్లేదు. యూట్యూబ్‌లోనూ ఏమీ లేదు. నాకు ఇటాలియన్ రాదు, ట్రాన్స్‌లేటర్‌తోనే లాక్కొస్తున్నా.

ఆ సీజన్ సీరీ సీ1 మ్యాచ్ రిపోర్టులు గోల్ కొట్టినవాళ్ళ పేర్లతో సహా ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా?