యాక్సిడెంట్ చేసినాయన "కేసు వద్దు, డబ్బులిస్తా" అంటే తీసుకోవాలా?

మలక్‌పేట అన్న:
మా తమ్ముడికి 27 ఏళ్లు, ఏసీ మెకానిక్. ఇరవై రోజుల కింద నాగోల్ మెట్రో దగ్గర కారు పక్క నుంచి వచ్చి వాడి బైక్‌ని కొట్టింది. కుడికాలు మోకాలి కింద విరిగింది, రాడ్ వేశారు. 108లో ఆస్పత్రికి తీసుకెళ్తే కారాయన వెనకే వచ్చాడు. "పోలీసులంటే మీకూ తిప్పలే, ఖర్చు నేను పెట్టుకుంటా" అని అడ్మిషన్ కౌంటర్ దగ్గర రూ.60 వేలు కట్టాడు. బిల్లు రూ.2 లక్షల 10 వేలు అయింది. ఇప్పుడు ఇంకో లక్షన్నర ఇస్తానంటున్నాడు, కానీ "ఇకపై ఎలాంటి క్లెయిమ్ చేయం" అని స్టాంపు పేపర్ మీద తమ్ముడు సంతకం పెట్టాలట. ఎఫ్ఐఆర్ లేదు. అమ్మ తీసేసుకోమంటోంది. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

తార్నాక టీచర్:
తీసుకోండి తమ్ముడూ. మా నాన్నగారి కేసు నాలుగేళ్లు నడిచింది. వాయిదా ఉన్నప్పుడల్లా స్కూల్‌కి సెలవు పెట్టి వెళ్లాను. డాక్టర్ సాక్ష్యానికి రావాలి, ఆయన రాడు, మళ్లీ వాయిదా. ఆఖరికి డబ్బు వచ్చింది, కాదనను. కానీ ఆ నాలుగేళ్లు మందులకీ ఫిజియోథెరపీకీ నా నగలు తాకట్టులో ఉన్నాయి. మీ వాడు ఆరు నెలలు నిచ్చెన ఎక్కలేడు. ముందు ఇల్లు గడవాలి కదా.

క్లెయిమ్స్‌లో పదేళ్లు:
అక్కా, మీ బాధ నిజమే. కానీ ఇక్కడ అందరం ఒక మాట మర్చిపోతున్నాం. ఆ కారాయన తన జేబులోంచి ఎంత ఇవ్వగలడు అన్నది కాదు అసలు ప్రశ్న. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన బండి వల్ల అవతలివాళ్లకి జరిగే నష్టానికి చేయించే బీమా, లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మనిషికి తగిలిన గాయం విషయంలో ఆ పాలసీకి పైన ఇంత అని పరిమితి లేదు. అవతలివాళ్ల బండికో గోడకో జరిగిన నష్టానికి మాత్రం రూ.7.5 లక్షల హద్దు ఉంది. ఆయన కట్టిన ప్రీమియం మీ తమ్ముడి లాంటి వాళ్ల కోసమే.

లెక్క చూపిస్తాను. నెలకి 18 వేలు సంపాదిస్తున్నాడనుకుందాం. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం, సొంతంగా పని చేసుకునే వాళ్లకి 40 ఏళ్ల లోపైతే రేపటి సంపాదన కింద 40 శాతం కలుపుతారు. అంటే 25,200. ఏడాదికి 3,02,400. 26-30 ఏళ్ల వయసుకి 2009 సరళా వర్మ తీర్పు చెప్పిన గుణకం, అంటే ఏడాది సంపాదనని హెచ్చవేసే అంకె, 17. మొత్తం 51,40,800. కాలు వల్ల సంపాదనలో 10 శాతమే పోయిందని కోర్టు అనుకున్నా 5,14,080. 20 శాతం అనుకుంటే 10,28,160. ఆస్పత్రి బిల్లులు, పని లేని నెలల జీతం, పడ్డ నొప్పికి ఇచ్చేది ఇవన్నీ దీనికి అదనం. లక్షన్నరకి సంతకం పెట్టడం నాకైతే అన్యాయంగా అనిపిస్తోంది.

తార్నాక టీచర్:
లెక్క కాగితం మీద బాగుంటుంది. ఆ 20 శాతం ఎవరిస్తారు? కాలు అతుక్కుని మామూలుగా నడిస్తే మెడికల్ బోర్డు 5 శాతం కూడా రాయకపోవచ్చు. ఆ ఐదుకీ ఇన్సూరెన్స్ లాయర్ అడ్డు పడతాడు.

క్లెయిమ్స్‌లో పదేళ్లు:
బోర్డు రాసిన శాతమే ఆఖరి మాట కాదక్కా. ఒంటి వైకల్యం వేరు, సంపాదనకి తగిలిన దెబ్బ వేరు అని 2010 రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుర్చీలో కూర్చుని పని చేసేవాడికి మోకాలు పూర్తిగా వంగకపోతే పెద్దగా నష్టం లేదు. మూడో అంతస్తు గోడకి అవుట్‌డోర్ యూనిట్ బిగించేవాడికి అదే బతుకుతెరువు. మీరన్నట్టు పూర్తిగా బాగైతే వచ్చేది తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఇరవై రోజులకే అది ఎవరు చెప్పగలరు? రాడ్ తీయడానికి ఇంకో ఆపరేషన్ పడితే ఆ ఖర్చు ఎవరిది? స్టాంపు పేపర్ మీద అది ఉండదు.

సివిల్ కోర్టు లాయర్:
మలక్‌పేట అన్నా, మీరు ముందు చూడాల్సిన కాగితం వేరే ఉంది. డిశ్చార్జ్ సమ్మరీ తీసి, ప్రమాదం ఎలా జరిగిందని రాశారో చదవండి.

మలక్‌పేట అన్న:
ఇప్పుడే చూశాను సార్. "బైక్ స్కిడ్ అయి కింద పడ్డాడు" అని ఉంది. మేం అలా చెప్పలేదు. ఆ టైంలో నేను రక్తం కోసం పరిగెత్తుతున్నా, కౌంటర్ దగ్గర కారాయన ఉన్నాడు.

సివిల్ కోర్టు లాయర్:
అనుకున్నాను. చాలా కేసులు ఈ ఒక్క వాక్యం దగ్గరే పోతాయి. రేపు ఇన్సూరెన్స్ వాళ్లు ఈ కాగితం చూపించి "మా కారు తగలనే లేదు" అంటారు. దీనికి విరుగుడు 108 సిబ్బంది ఆ రోజు రాసుకున్న రికార్డు. వాళ్లు రోడ్డు ప్రమాదం అనే రాసుకుని ఉంటారు. మెట్రో స్టేషన్ దగ్గర, ఎదురుగా ఉన్న షాపుల దగ్గర సీసీ కెమెరాలు ఉంటాయి. ఫుటేజీ ఎక్కువ రోజులు ఉంచరు, ఇవాళే అడగండి.

రేపు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి. ఆలస్యానికి కారణం దాచకుండా రాయండి: ఆపరేషన్ అయింది, అవతలివాళ్లు ఖర్చు పెట్టుకుంటామన్నారు, నమ్మాం. ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన కట్టిన 60 వేలు కూడా రాయండి, దాస్తే మీ మాట విలువ పోతుంది.

ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి చట్టంలో ఆరు నెలల గడువు ఉంది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు, అయినా ఆ ధైర్యంతో కూర్చోవద్దు. మీరు ఉండేది మలక్‌పేటలో కాబట్టి, ప్రమాదం ఎక్కడ జరిగినా హైదరాబాద్‌లోనే వేయొచ్చు. ఒక మాట, వచ్చినదాంట్లో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకి విరుద్ధం. ఆస్పత్రి వరండాలో తిరిగే ఏజెంట్లకి కాగితాలు ఇవ్వకండి.

ఉప్పల్ ఆటో:
అందరూ కేసు, కేసు అంటున్నారు. పోయినేడు నా ఆటో తగిలి ఒక పెద్దాయన చెయ్యి గీసుకుపోయింది. డాక్టర్‌కి చూపించి, మందులు కొనిచ్చి, ఇంటి దగ్గర దింపి వచ్చా. ఆయనే కేసు వద్దన్నాడు. పెట్టి ఉంటే బండి స్టేషన్‌లో ఉండేది, నా పిల్లలకి తిండి ఉండేది కాదు. రాజీ అంటే మోసం అన్నట్టు మాట్లాడకండి.

క్లెయిమ్స్‌లో పదేళ్లు:
అన్నా, మీరు చేసింది సరైన పని. గీసుకుపోయిన చేతికి ట్రిబ్యునల్ ఎందుకు? ఎముక విరిగి రాడ్ పడిన చోట మాత్రం అదే పద్ధతి పనికిరాదు.

కారు నడిపినవాణ్ని:
అటువైపు నుంచి ఒక మాట. రెండేళ్ల కింద నా కారు తగిలి ఒకాయన భుజం విరిగింది. నేనూ ఇలాగే భయపడి డబ్బుతో ముగించేద్దామనుకున్నా. పాలసీ కాగితం తీసి చదివితే కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బు ఇస్తాననకూడదు, ఇవ్వకూడదు అని షరతు ఉంది. అంటే బయట రాజీ చేసుకుంటే, రేపు ఆయన మళ్లీ కేసు వేస్తే నాకూ ఇబ్బందే. కంపెనీకి చెప్పాను, స్టేషన్‌కి వెళ్లాను. బెయిల్ ఇచ్చే సెక్షన్లే, అదే రోజు బయటికొచ్చా. కారు తనిఖీ అయ్యాక తిరిగిచ్చారు. మీ కారాయన ఇంత పట్టుబడుతున్నాడంటే ఆయన ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడండి. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబర్ కొడితే గడువు కనిపిస్తుంది.

తార్నాక టీచర్:
ఇన్సూరెన్స్ లేదనుకోండి, లైసెన్స్ లేదనుకోండి, అప్పుడేం చేస్తారు? కోర్టు ఆర్డర్ పట్టుకుని ఆయన ఇంటి చుట్టూ తిరుగుతారా?

సివిల్ కోర్టు లాయర్:
లైసెన్స్ సరిగా లేకపోతే, ముందు కంపెనీ కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ చెప్పొచ్చు. 2004 స్వరణ్ సింగ్ తీర్పు నుంచీ అదే పద్ధతి. అసలు పాలసీయే లేకపోతే మాత్రం మేడం అన్నది నిజం. అప్పుడు యజమానే కట్టాలి, వసూలు కష్టం. ఆ ఒక్క సందర్భంలో గట్టి మొత్తానికి రాజీ ఆలోచిస్తాను, అది కూడా కేసు వేశాకే. లోక్ అదాలత్‌లో రాజీ అయితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. మేడం చెప్పిన నాలుగేళ్ల బాధకి నాకు తెలిసిన మందు అదే. కేసు నడుస్తుండగానే కంపెనీతో కూర్చుని తేల్చుకోవచ్చు.

తార్నాక టీచర్:
అది మాకెవరూ చెప్పలేదు సార్. చెప్పి ఉంటే నాన్నగారు ఉన్నప్పుడే చేతికొచ్చేది. తమ్ముడూ, సంతకం పెట్టకు. కానీ ఈ ఆరు నెలలు ఇల్లెలా గడుస్తుందో ముందు కూర్చుని లెక్కేసుకోండి, ఆ భాగం లాయర్లు చూడరు.

మలక్‌పేట అన్న:
ఎంపరివాహన్‌లో చూశాను, ఇన్సూరెన్స్ వచ్చే మార్చి దాకా ఉంది. పొద్దున స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇచ్చాం, 60 వేల సంగతి కూడా రాశాను. నాగోల్‌లో టైర్ల షాపతను ఫుటేజీ ఉందన్నాడు, పోలీసులు అడిగితే ఇస్తాడట. కారాయనకి ఫోన్ చేసి, మీ కంపెనీకి చెప్పుకోండి, స్టాంపు పేపర్ వద్దు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత తమ్ముడికి ఎలా ఉందని అడిగాడు. అమ్మ ఇంకా కోపంగానే ఉంది. టీచరక్కా, ఇంటి ఖర్చుకి తమ్ముడి మేస్త్రీ రెండు నెలలు సర్దుతానన్నాడు. ఆ తర్వాత సంగతి ఇంకా తేలలేదు.